బాగా ఓర్చుకున్నారు

అమలకు సూదులంటే భయం లేదు. కార్వేటినగరం దగ్గర పల్లెలో పదహారేళ్లుగా అంగన్‌వాడీ టీచరుగా ఉంది. టీకాల రోజున ఏడ్చే పిల్లల్ని ఒళ్లో అదిమి పట్టుకుని కూర్చునేది ఆమే. అలాంటి మనిషి, ఆ మంగళవారం మధ్యాహ్నం తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మూడో అంతస్తు గదిలోంచి బయటికి వచ్చి, గోడ పట్టుకుని నిలబడి, భర్త రాజారత్నంతో ఒక్క మాట అన్నది.

"నాకు మత్తు వెయ్యలేదు."

రాజారత్నం ఇళ్లకు రంగులేసే పనివాడు. గొడవ అంటే ఆమడ దూరం పోతాడు. "వేసే ఉంటార్లే అమలా. వెయ్యకుండా ఎముకలో సూది ఎట్ల దించుతారు?" అన్నాడు.

"అదే నేనూ అడిగేది. ఎట్ల దించినారు?"

మూడు నెలలుగా ఆమెకు నీరసం. మెట్లెక్కితే ఆయాసం, అరికాళ్లలో తిమ్మిర్లు. రక్తం పరీక్ష చేసిన ప్రతిసారీ అంకెలు కిందికి దిగుతూ వచ్చాయి. పుత్తూరు డాక్టరు చేతులెత్తేసి తిరుపతికి పొమ్మన్నాడు. ఇక్కడ పెద్ద డాక్టరు ఎముకలోని మూలుగ తీసి చూడాలన్నాడు. నడుం వెనక ఎముకకు మత్తింజెక్షన్ ఇచ్చి తీస్తారనీ, చీమ కుట్టినట్టు ఉంటుందనీ చెప్పాడు.

గదిలో ఆమెను గోడవైపు తిప్పి, మోకాళ్లు కడుపులోకి ముడిచి పడుకోబెట్టారు. వెనక ఏం జరుగుతోందో కనపడదు, వినపడడమే. ఇనుప పళ్లెంలో ఏదో గలగలమన్నది. డాక్టరు రవిచంద్ర అనే కుర్రవాడు ఫోనులో ఎవరితోనో "వస్తా ఉన్నా, ఇదొక్కటే" అన్నాడు. చల్లగా స్పిరిట్ తగిలింది. ఒక పోటు. ఆ పోటు తగ్గకముందే ఇంకొకటి మొదలైంది. అది పోటు కాదు. ఎవరో మేకును పట్టుకుని, తిప్పుతూ, ఎముకలోకి ఒరుసుకుంటూ దింపుతున్నట్టు.

"మత్తు పట్టలేదు సార్" అన్నది అమల.

"పట్టిందమ్మా. ఎముకకు కొంచెం తెలుస్తుంది."

నర్సు హేమశ్రీ ఆమె భుజం మీద చెయ్యేసి అదిమింది. "కదలొద్దు అక్కా. అయిపోయింది." ఆ 'అయిపోయింది' అనే మాట నాలుగుసార్లు విన్నది అమల. ఆఖరికి నోట్లో కుక్కుకున్న కొంగు తడిసిపోయింది. కాలు మొత్తం వేళ్లదాకా ఎవరో లోపలినుంచి లాగేసినట్టయింది. ఆ తర్వాత కాసేపు ఏమీ వినపడలేదు.

బయట బెంచీ మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుని ఉండగా గురప్ప వచ్చాడు. గురప్ప రాజారత్నం చెల్లెలి మొగుడు, ఆ ఆసుపత్రిలోనే వార్డుబాయ్. చేతిలో ఒక కాగితం. దాని మీద ఐదు మొహాల బొమ్మలు, ఏడుపు మొహం నుంచి నవ్వు మొహం దాకా. నవ్వు మొహం పక్కన అప్పటికే టిక్కు పెట్టి ఉంది.

"ఈడ ఒక సంతకం పెట్టు చెల్లెలా. పోయేటప్పుడు అందరూ పెట్టేదే."

ఆమెకు చదివే ఓపిక లేదు. సంతకం పెట్టింది. బస్సు వడమాలపేట దాటాక గానీ ఆ టిక్కు ఎవరు పెట్టారన్న ప్రశ్న ఆమెకు తట్టలేదు. తట్టాక మాత్రం మరి వదల్లేదు.

నాలుగు రోజులు ఆమె తిన్నగా కూర్చోలేకపోయింది. అంగన్‌వాడీ కేంద్రంలో ఆయా చంద్రకాంతమ్మ పిల్లలకు అన్నం పెడుతూ, "మా మరిదికి పోయిన యాడాది వేలూరులో ఇదే పరీచ్చ చేసినారు మేడమ్. తీసినాక కాఫీ తాగి, కబుర్లు చెప్పుకుంటా నడిచొచ్చినాడు. నీకేంది ఇట్లయింది?" అన్నది.

ఆ మాటతో అనుమానానికి ఒక ఆకారం వచ్చింది. అంటే నొప్పి లేకుండా తీయవచ్చు. తనకు తీయలేదు. ఎందుకు? తాను ఉచిత వైద్యం కార్డు మీద వచ్చిన మనిషనా? మందు లేక నీళ్లు పొడిచారా? మందు ఉండీ ఇంకెక్కడికో పోయిందా? ఆ నర్సు భుజం అదిమింది ఓదార్చడానికా, లేక వెనక్కి తిరిగి చూడకుండానా?

కాగితాల్లో మాత్రం మత్తు ఇచ్చినట్టే ఉంటుందని ఆమెకు తెలుసు. కాగితాల సంగతి ఆమెకు బాగా తెలుసు. రెండేళ్ల కిందట కేంద్రంలో పిల్లల్ని తూచే మిషన్ చెడిపోయి, బాగుచేసేవాడు రాక, రెండు నెలలు తూచకుండానే రిజిస్టరు నింపింది. పోయిన నెల బరువుకు ఒక్కొక్కరికి రెండు వందల గ్రాములు కలిపి రాసేసింది. సూపర్‌వైజరు వచ్చి చూసి 'మంచిది' అని సంతకం చేసి వెళ్లింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఎవరో తన ఒంటి గురించి అలాగే కూర్చుని రాసేశారనుకుంటే ఆమెకు కోపమూ వచ్చింది, ఆ కోపం మీద తనకు హక్కు లేదేమోనన్న జంకూ కలిగింది.

శనివారం గురప్పకు ఫోన్ చేసింది. "అన్నా, నా కేసు షీటు నకలు కావాల."

"ఏంటికి చెల్లెలా?"

"దాచి పెట్టుకునేదానికి."

"రిపోర్టు రానీ. అన్నీ ఒకేసారి నేనే తెచ్చిస్తా. నువ్వేమీ అడగొద్దు ఎవర్నీ."

ఆ చివరి మాట ఆమెకు రుచించలేదు. వెంటనే ఆసుపత్రికే ఫోన్ చేసి, రికార్డుల గదికి కలపమని అడిగి, నకలు కోసం వస్తానని తన పేరు, నంబరు చెప్పింది. సోమవారం పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఫోన్. తీసిన శాంపిల్ గడ్డకట్టింది, పరీక్షకు పనికిరాలేదు, మళ్లీ తీయాలి, గురువారం రండి.

"కాగితాలు అడిగినంక రెండో నాడే గడ్డకట్టిందంట" అన్నది అమల.

"ఎవరన్నా పగబట్టి ఎముకలో పొడుస్తారా? నీకు అన్నింట్లో అనుమానమే" అన్నాడు రాజారత్నం. కానీ గురువారం పనికి పోకుండా ఆమెతోపాటు బస్సెక్కాడు.

ఆమె ముందు రికార్డుల గదికే వెళ్లింది. అక్కడి గుమాస్తా రేపు రమ్మన్నాడు. అమల సంచిలోంచి తెల్లకాగితం తీసి, అక్కడే నిలబడి అర్జీ రాసి, "మీరు లేదన్నట్టు దీని మీద రాసి సంతకం పెట్టండి సార్, పోతాను" అన్నది. గవర్నమెంటు ఆఫీసుల్లో పదహారేళ్లు తిరిగిన మనిషి. గుమాస్తా ఆమెనూ కాగితాన్నీ మార్చి మార్చి చూసి, లోపలికెళ్లి, పావుగంటలో నకలు తెచ్చి ఇచ్చాడు.

మూడో అంతస్తు బెంచీ మీద కూర్చుని ఆమె ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చదివింది. అంతా ఇంగ్లీషు, కంప్యూటరులో కొట్టింది. పదకొండూ పదికి మొదలు, పదకొండూ నలభైకి పూర్తి. మత్తుమందు పది మిల్లీలీటర్లు ఇవ్వబడింది. అయిదు నిమిషాలు ఆగడమైనది. రోగి బాగా ఓర్చుకున్నారు.

ఆ చివరి వాక్యాన్ని ఆమె మూడుసార్లు చదివింది. మేకు దిగుతున్నప్పుడు కూడా ఇంత మంట కలగలేదనిపించింది. తర్వాత ఫోన్ తీసింది. ఆ మంగళవారం పదకొండూ యాభై రెండుకు ఇదే బెంచీ మీద కూర్చుని సూపర్‌వైజరుకు సెలవు మెసేజ్ పెట్టింది. అది ఇంకా ఉంది. కాగితం ప్రకారం పరీక్ష అయిపోయిన పన్నెండు నిమిషాలకు. నిజానికి అప్పటికి ఆమెను లోపలికి పిలవనేలేదు.

"నీకూ గడ్డకట్టిందా?" అని పక్కనుంచి ఒక గొంతు అడిగింది.

అరవై ఏళ్ల మనిషి, ఎండకు నల్లబడిన మొహం, ఒళ్లో ఫైలు. పేరు పోలేరమ్మ. పులికాట్ సరస్సు ఒడ్డున పల్లె, రొయ్యలు ఎండబెట్టి నాయుడుపేట సంతలో అమ్ముతుంది. పోయిన వారం మంగళవారమే ఆమెకూ ఇదే పరీక్ష చేశారు. ఆమెనూ మళ్లీ రమ్మన్నారు.

"నొప్పి పుట్టిందా అవ్వా?"

"పేణం పోయి వచ్చింది. మనలాంటోళ్లకి అట్లనే ఉంటాదేమో అనుకున్నా."

"నీ కాగితాలు చూపిస్తావా?"

పోలేరమ్మ కొడుకు బీమా కోసమని నకలు ముందే తీసిపెట్టాడు. అమల రెండు షీట్లూ పక్కపక్కన పెట్టింది. పదకొండూ పది. పదకొండూ నలభై. పది మిల్లీలీటర్లు. బాగా ఓర్చుకున్నారు. పేరు, వయసు, ఊరు తప్ప అక్షరం తేడా లేదు. ఒకే బల్ల మీద ఒకే అరగంటలో ఇద్దరు ఆడవాళ్లను పడుకోబెట్టినట్టుంది.

తలెత్తేసరికి ఎదురుగా గురప్ప. ఆ రెండు కాగితాలనూ చూశాడు. అతని మొహంలో రంగు మారింది. "ఇయ్యన్నీ ఏంటికి పెట్టుకున్నావు చెల్లెలా? లోపలికి పో, పిలస్తా ఉండారు" అని అక్కడ నిలబడకుండా వెళ్లిపోయాడు.

లోపల ఈసారి రవిచంద్ర లేడు. నెరిసిన జుట్టు ముడివేసుకున్న పెద్ద డాక్టరమ్మ, మోహన, చేతి తొడుగులు వేసుకుంటోంది. పరీక్ష చేయడానికి పెద్దామెనే పంపారంటే కాగితాలడిగిన కబురు పైదాకా పోయిందన్నమాట అనుకున్నది అమల.

"మేడమ్, ఆ మందు సీసా నాకు చూపించండి."

హేమశ్రీ తల వంచుకుంది. డాక్టరమ్మ సీసా తెచ్చి పేరు చదివేదాకా పట్టుకుని, ఆమె కళ్లముందే సిరంజిలోకి లాగింది. పైన చర్మానికి ఒక పోటు. తర్వాత అదే సూదిని లోతుకు, ఎముక మీదిదాకా, మెల్లగా. "ఇప్పుడు ఆగుదాం" అని గోడ గడియారం వైపు చూసింది. ఆ ఆగడం ఎంతసేపో అమలకు తెలిసింది, ఎందుకంటే కిందటిసారి అదసలు లేదు. తర్వాత మొనతో గీకి, "తెలుస్తోందా?" అని అడిగింది. తెలియలేదు. పెద్ద సూది దిగినప్పుడు ఒత్తిడి తప్ప ఏమీ లేదు. లోపలినుంచి లాగినప్పుడు మాత్రం కాలు జివ్వుమన్నది. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేలోగా అదీ పోయింది.

అమల ఏడ్చింది. నొప్పికనుకుని డాక్టరమ్మ భుజం తట్టింది. నొప్పికి కాదు. తొమ్మిది రోజులుగా తన మీద తనకే ఉన్న ఒక చిన్న అనుమానం, తానే ఓర్వలేని మనిషినేమోనన్నది, అక్కడ తీరిపోయింది.

డాక్టరమ్మ వెళ్లాక కట్టు వేస్తున్న హేమశ్రీ చెయ్యి పట్టుకుంది. "ఆ పొద్దు ఏం జరిగిందో చెప్పు పాపా. నీళ్లు పొడిచినారా?"

హేమశ్రీ తలుపు వైపు చూసింది. "నీళ్లు కాదక్కా. మందే. కాకపోతే రవిచంద్ర సారు చర్మానికి మాత్రం ఇచ్చి, ఆగకుండా దించేసినాడు. ఆ పొద్దు లిస్టులో అయిదుగురే ఉండారు. ఆరోది నువ్వు. ఆయప్పకు పన్నెండున్నరకు ఇంకో వార్డులో పని. ఆఖరి ఇద్దరికీ అట్లయింది, నీకూ ఆ అవ్వకూ."

"ఆరోదాన్ని ఎవరు చేర్చినారు నన్ను?"

"నీకు తెలీదా? గురప్పన్న బతిమలాడుకున్నాడు గదా."

గురప్ప మెట్ల దగ్గర దొరికాడు. ఈసారి తప్పించుకోలేదు. "నీకు ముందు ఇచ్చింది పది రోజుల తర్వాత తేదీ. మీ ఆయన వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు, బావా ఎట్లన్నా చెయ్యమని. నేను చేర్పించినా. ఆ నవ్వు బొమ్మకు టిక్కు పెట్టింది కూడా నేనే. నీతో ఏ ఇబ్బందీ రాదని ఆ డాక్టరుకు మాటిచ్చి ఉండా. ఇప్పుడు నువ్వు ఫిర్యాదిస్తే ముందు పోయేది డాక్టరు గాదు. నేను."

పక్కనే ఉన్న రాజారత్నం నేల చూస్తున్నాడు. భర్త తనకు ఈ మాట చెప్పకుండా దాచాడన్నది ఆమెకు అప్పుడే తెలిసింది.

ఇంటికొచ్చాక రాజారత్నమే అన్నాడు. "వదిలెయ్ అమలా. రెండోసారి బాగనే చేసినారు గదా. నా చెల్లెలు ఏమై పోవాల?"

ఆమె వదిలేసింది. నిజంగానే వదిలేసింది. నొప్పి పెట్టింది వాళ్ల తొందర, ఆ తొందరకు కారణం మనం, ఇక ఎవర్నని ఏమంటాం అనుకుని, కాగితాలు బీరువాలో చీరల కింద పెట్టేసింది. ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం వండుతుండగా ఆ రోజు బెంచీ దగ్గర రాసుకున్న పోలేరమ్మ కొడుకు నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది పోలేరమ్మే.

"నీకు ఎవరు చేసినారు పాపా, రెండో తూరి?"

"పెద్ద డాక్టరమ్మ. నీకు?"

"నీ వెనకనే పిలిచినారు. ఆ పిల్లోడే చేసినాడు. మళ్లా అట్లనే. బల్ల మీదనే కళ్లు తిరిగి పడిపోయినా." కాసేపు ఊపిరి పీల్చుకున్న చప్పుడు. "నువ్వు కాగితాలు అడిగినావు, నీకు పెద్దమ్మ వచ్చింది. నాకు అడగను తెలీదు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. వర్షం పడిందని చెప్పినట్టే చెప్పింది. అమల పొయ్యి ఆపి, బీరువా తెరిచి, కాగితాలు తీసింది.

ఫిర్యాదు రెండు పేజీలు అయింది. సమయాలు రాసింది, మెసేజ్ ఫోటో జతచేసింది, పోలేరమ్మను అడిగి ఆమె షీటు నకలు కూడా పెట్టింది. మొదటిసారి తన పేరు వరస తప్పి చేర్చబడిందని, అది తమ బంధువు ద్వారా జరిగిందని, ఆ తప్పు తమదేనని కూడా రాసింది. గురప్ప పేరు రాయలేదు. రాయకపోయినా తెలిసిపోతుందని ఆమెకు తెలుసు. రాజారత్నం చదివి, కాగితం తిరిగిచ్చి, అన్నం తినకుండా బయటికి వెళ్లాడు. మర్నాడు ఆమె ఒక్కతే తిరుపతి పోయి, రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకుని వచ్చింది.

పది రోజులకు పిలిచారు. సూపరింటెండెంటు గదిలో ఏసీ చల్లగా ఉంది. టీ ఇచ్చారు. టీ ఇచ్చారంటే ఏదో సంతకం పెట్టించుకుంటారేమోనని అమల ఆ కప్పు ముట్టుకోలేదు. ఒక మూల రవిచంద్ర కూర్చున్నాడు. దగ్గరగా చూస్తే మరీ చిన్నవాడు, కళ్ల కింద నలుపు.

"మందు ఇచ్చాను మేడమ్" అన్నాడు.

"ఇచ్చినారు. ఆగలేదు."

అతను సూపరింటెండెంటు వైపు చూశాడు, తర్వాత తన చేతుల వైపు. "ఆగలేదు" అన్నాడు. "ఆ లైన్లన్నీ కంప్యూటరులో ముందే ఉంటాయి. పేరు మారిస్తే చాలు. నేను చదవను కూడా చదవలేదు."

ఇంత సులువుగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. దీని వెనక ఏముందోనని కాసేపు వెతుక్కుంది. తాను తూచకుండా రాసిన బరువులు గుర్తొచ్చాయి. ఆ కుర్రవాడి మొహం చూడలేకపోయింది.

"మీకేం కావాలమ్మా?" అని అడిగాడు సూపరింటెండెంటు.

"నేను ఓర్చుకోలేదు సార్. ఆ అవ్వా ఓర్చుకోలేదు. మా ఇద్దరి కాగితాల్లో ఆ లైను ఉండకూడదు. ఇంకోటి, ఆ అవ్వకు మూడోసారి తీయాల్సొస్తే పెద్ద డాక్టరమ్మే తీయాల."

రికార్డులో కొట్టివేతలు కుదరవన్నాడు. సవరణ రాయవచ్చన్నాడు. రాశారు. మత్తు పూర్తిగా పనిచేయకముందే పరీక్ష మొదలైనట్టూ, రోగి తీవ్రమైన నొప్పి చెప్పినట్టూ, కింద తేదీ, సంతకం. రెండు షీట్ల మీదా. ఆమె రెండూ చదివాకే లేచింది.

రిపోర్టులో భయపడింది ఏమీ రాలేదు. ఒంట్లో బి12 బాగా తగ్గిపోయిందట. ఊరి ఆరోగ్య కేంద్రంలో ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. రెండు నెలలకు మెట్లెక్కగలిగింది. పోలేరమ్మకు మూడోసారి తీయాల్సిన అవసరం రాలేదు. ఆమెకు ఏం జబ్బో తేలింది, మందులు వాడుతోంది.

మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు రవిచంద్ర అక్కడ లేడు. అతని పోస్టింగు గడువు అయిపోయిందని హేమశ్రీ చెప్పింది. పంపేశారని క్యాంటీన్‌లో ఎవరో అన్నారు. గురప్పను వార్డు నుంచి తీసి కింద సెల్లారులో బండ్ల టోకెన్లు ఇచ్చే చోట వేశారు. వంతుల ప్రకారం అందర్నీ మారుస్తారని ఆఫీసులో చెప్పారట. ఆడపడుచు మాత్రం ఆ రోజు నుంచి ఫోన్ చేయడం మానేసింది.

ఈసారి బండి మీదే వచ్చారు కాబట్టి దాన్ని తీయడానికి రాజారత్నం సెల్లారులోకి దిగాడు. అమల కూడా వెంట వెళ్లింది. గురప్ప టోకెన్ తీసుకుని, చింపి, డబ్బాలో వేశాడు. ఆమె వైపు చూడకుండానే అడిగాడు.

"ఒళ్లు ఎట్లుండాది చెల్లెలా?"

"బాగుందన్నా."

"ఊఁ" అన్నాడు. "బాగుంటే చాల్లే."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని ఆమె అతని మొహంలో వెతికింది. ఉన్నట్టు కనపడలేదు. లేదని నమ్మకమూ కుదరలేదు. వెనక ఇంకో బండివాడు హారన్ కొట్టాడు. ఆమె ఎక్కి కూర్చుంది.